మింగిన కెమెరా, ఊపిన తల

ఫెరారా,
ఫిబ్రవరి, ముసురు పట్టిన ఆదివారం

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. ద్రాక్షతీగ కత్తిరించావు, పిల్లి ఈనింది, గాబ్రోవోలో మంచు ఇంకా కరగలేదు. బాగుంది. మరి నువ్వు రొట్టెల కొట్టు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి ఎందుకు రాయలేదు? పిల్లి కన్నా తీసికట్టా నువ్వు?

త్సోంకా ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ గొంతు తెలుసుగా, ఫోన్ లేకపోయినా ఇటలీ దాకా వినిపిస్తుంది. "నీ అన్న మొహం సున్నం కొట్టినట్టుందే నెవెనా! ఎవరో పిండిబస్తా పడేసుకున్నారనుకుని దాటి వెళ్ళిపోబోయాను" అంది. ఒంట్లో రక్తం లేదన్నారట. పైనుంచి గొట్టం వేశారు, కిందనుంచి గొట్టం వేశారు, ఎక్కడా ఏమీ కనిపించలేదట. ఇదంతా పక్కింటావిడ చెబితే నాకు తెలియాలా? నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా మిల్లులో మగ్గాలు మింగేసిన ఆ చెవులకి నా మాట వినపడదు. కనీసం కాగితం మీదైనా నిజం రాయొచ్చుగా!

సరే, తిట్టడం అయిపోయింది. ఇక విను. నేను పనికి కుదిరి చూసుకునే ముసలావిడ ఒత్తావియా అమ్మగారి మేనల్లుడు ఫుల్వియో ఇక్కడి ఆసుపత్రిలో పేగుల డాక్టరు. నీ సంగతంతా చెప్పాను. పైగొట్టానికీ కిందిగొట్టానికీ అందని చిన్నపేగులో ఎక్కడో కారుతూ ఉంటుందన్నాడు. దానికో కెమెరా ఉంది అన్నయ్యా, పెద్ద చిక్కుడుగింజంత. మంచినీళ్ళతో మింగెయ్యడమే. లోపల దీపం పెట్టుకుని ఫోటోలు తీసుకుంటూ పోతుంది. నడుముకి కట్టిన పెట్టెలో అవన్నీ పడతాయి. తర్వాత దాని దారిన అది బయటికి పోతుంది. కోత లేదు, మత్తు లేదు.

ఫుల్వియో మంచివాడు, మంచి మాటలు మాత్రమే చెప్పి ఊరుకోలేదు. కొందరికి మింగేటప్పుడే గొంతుకి అడ్డం పడుతుందట, ఎప్పుడో ఒకరికి ఊపిరిగొట్టంలోకి పోతుందట. కొందరికి పేగు ఎక్కడైనా ఇరుగ్గా ఉంటే అక్కడే ఇరుక్కుపోతుందట. అప్పుడు కోసి తియ్యాల్సి రావచ్చు. అది బయటికి వచ్చిందని తేలేదాకా ఎమ్మారై దగ్గరికి మాత్రం పోకూడదట. అందులో ఉండేది పెద్ద అయస్కాంతం, పొట్టలో ఉండేది లోహం. అందుకే ముందుగా నీ సంగతులన్నీ అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇంకొక్కటి, బాగా గుర్తుపెట్టుకో. ఇక్కడి వాళ్ళ ముందు తల ఊపకు! మన దేశంలో అవునంటే తల అడ్డంగా ఊపుతాం, కాదంటే నిలువుగా. వీళ్ళకి తలకిందులు. నేను వచ్చిన కొత్తలో అమ్మగారు "ఇంకాస్త సూప్ పొయ్యనా?" అంటే వద్దని నిలువుగా ఊపాను. పోసింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఊపాను, మళ్ళీ పోసింది. ఆ రాత్రి పొట్ట పట్టుకుని పడుకున్నాను. ఇప్పుడు నాకు ఇబ్బంది లేదులే, ఇక్కడ ఇక్కడి తల, మనవాళ్ళ దగ్గర మన తల. నీకు ఉన్నది ఒక్కటే తల కాబట్టి దాన్ని కదపకుండా నోటితో చెప్పు, నేను వాళ్ళకి చెబుతాను.

మార్చి మొదట్లో రా. ఈ ఉత్తరం మన ఊరి బస్సు డ్రైవర్ చేతికే ఇస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

నీ మీద కోపంతోనూ అంతకన్నా ఎక్కువ ప్రేమతోనూ,
నీ చెల్లెలు
నెవెన


గాబ్రోవో,
ఫిబ్రవరి చివర

ప్రియమైన చెల్లాయికి,

నువ్వు ఉత్తరంలో తిట్టినా నాకు గొంతు వినిపిస్తుంది. చెవులు పోయాక మిగిలిన సుఖం అదొక్కటే.

వస్తున్నాను. భయపడి కాదు, త్సోంకా పోరు పడలేక. నన్ను చూసినప్పుడల్లా "ఒరే స్తామెన్, నువ్వు పోతే నా కంచె ఎవడు బాగుచేస్తాడ్రా" అని వీధంతా వినపడేలా అరుస్తోంది. మీ ఫుల్వియోతో చెప్పు, ముప్పై ఏళ్ళు మగ్గాలు బాగుచేసినవాణ్ణి, ఒక చిక్కుడుగింజకి జడవను. కానీ ఒక్క అనుమానం. దీపం, బ్యాటరీ ఉన్న కెమెరాని ఒక్కసారి వాడి పారేస్తారా? పిసినారితనానికి పేరుపడ్డ మన గాబ్రోవోవాడికి ఈ మాట చెబితే గుండె ఆగిపోతుంది. కడిగి తెచ్చిస్తాను, ఇంకొకరికి పనికొస్తుందేమో అడుగు.

నా సంగతులన్నీ చెప్పమన్నావు. సంగతులేముంటాయి? తాగుడు పండగలకే. సిగరెట్ మానేశాను. మందులేవీ వాడను. నడుంనొప్పికి ఆ తెల్లమాత్రలు తప్ప, అవి మందుల లెక్కలోకి రావు. మిల్లు రోజుల నుంచీ పొద్దుతిరుగుడు గింజల్లా నములుతున్నాను. ఏమైంది? నిక్షేపంగా ఉన్నాను.

తల సంగతి నాకు నేర్పుతున్నావా? మగ్గాల షెడ్డులో నువ్వు ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో ఆ హోరు. పెదాలు కదిపి తల ఊపితే చాలు, దారం తెగిందో, అడ్డదారం లాగే షటిల్ ఇరుక్కుందో, మధ్యాహ్నం అన్నానికి ఏముందో అన్నీ తెలిసిపోయేవి. మన మధ్య ఒక్క పొరపాటైనా జరిగిందా? మీ ఇటలీవాళ్ళ ముందు నోరే తెరుస్తాను, సరేనా.

అమ్మ పైగది సున్నం కొట్టించాను. పొయ్యికి కొత్త పొగగొట్టం వేశాను. ఆ గది ఎవరి కోసమో నీకు తెలుసు. నువ్వు వెళ్ళినప్పుడు రెండేళ్ళన్నావు, నా మీసాలు తెల్లబడ్డాయి. ఉత్తరంలో అడిగితే పిల్లి సంగతి రాసి తప్పించుకుంటావు, నీ అన్న చెల్లెలివి కదా. ఈసారి మొహం చూసి అడుగుతాను.

ఎర్ర దారం, తెల్ల దారం పేని మార్చి నెల తోరం నేనే చేశాను. వచ్చి నీ చేతికి కడతాను, ఆనవాయితీ ప్రకారం పూసిన కొమ్మకి కట్టేదాకా విప్పకు. త్సోంకా వాల్‌నట్లు పంపుతోంది, నాలుగు నేను దారిలో తినేస్తాను, లెక్క అడగకు.

పొట్టలో ఏమీ లేనివాడు,
నీ అన్న
స్తామెన్


ఫెరారా,
మార్చి మధ్యలో

ప్రియమైన అన్నయ్యకి,

క్షేమంగా చేరావని త్సోంకా చెప్పింది. ఇల్లంతా బోసిగా ఉంది. అమ్మగారు కూడా "ఆ గట్టిగా మాట్లాడే పెద్దమనిషేడీ?" అని అడుగుతోంది. నువ్వు వినపడక అరుస్తావని ఆవిడకి తెలియదు, తనకి వినపడాలని అరిచావనుకుని తెగ మురిసిపోయింది.

నువ్వు ఆ గింజ మింగిన రోజు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నర్సు నీళ్ళ గ్లాసు ఇచ్చింది, నువ్వు గింజని వెలుతురుకి పట్టి చూసి "దీనికి గ్యారంటీ ఉందా?" అన్నావు. తర్వాత పొలమారింది. మొహం ఎర్రగా కందిపోయి దగ్గుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊపిరిగొట్టంలోకి పోయిందనే అనుకున్నాను. నువ్వేమో కళ్ళు తుడుచుకుని "దిగిపోయింది, ఇంకోటి ఉందా?" అన్నావు. ఫుల్వియో నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. నడుముకి పెట్టె కట్టుకుని మంత్రిగారిలా వరండాలో పచార్లు చేస్తూ కనపడ్డవాళ్ళందరికీ నమస్కారాలు పెట్టావు. నిన్ను ఇక్కడివాళ్ళు ఇంకా తలుచుకుంటున్నారు.

ఫోటోలన్నీ చూశారట. చిన్నపేగులో అక్కడక్కడా ఎర్రగా పుండ్లు ఉన్నాయన్నారు. నీ తెల్లమాత్రల సంగతి అప్పుడు నాకు గుర్తే రాలేదు. ఫుల్వియో "రోజూ వేసుకునే మందులేమైనా?" అన్నాడు, నేను నీ చెవిలో అరిచాను, నువ్వు లేవన్నావు, నేను లేవన్నాను. ఈసారి అడిగి రాస్తాను. కెమెరా బ్యాటరీ మాత్రం పెద్దపేగు చేరకముందే అయిపోయిందట. అందుకే అది బయటికి వచ్చిందో లేదో కచ్చితంగా కనుక్కుని చెప్పమన్నాడు.

కనుక్కోవాల్సిన నీ ప్రయాణం రోజునే అమ్మగారికి ఒంట్లో బాగాలేక నేను బస్టాండుకి ఆలస్యంగా వచ్చాను. నువ్వప్పటికే బస్సెక్కేశావు, తలుపు వేసేశారు. అయితేనేం, మనకి మాటలెందుకు? అద్దం ఇవతల నుంచి పెదాలు కదిపి అడిగాను, నువ్వు తల ఊపావు. చుట్టూ ఇంజన్ల మోత, అచ్చం మన మగ్గాల షెడ్డులా ఉంది. నువ్వు చెప్పింది చెప్పినట్టు ఫుల్వియోకి చెప్పాను. "అయితే ఇక బెంగ లేదు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను, దాచుకో. ఐరన్ మాత్రలు మానకు.

ఇక అద్దం అవతల నుంచి నువ్వు అడిగింది. దానికి జవాబు చెప్పేశాను. నేను చెప్పిన మాట మీద ఉంటానని నీకు తెలుసు. అంతకుమించి ఇప్పుడు రాయను, రాస్తే ఏడుపొస్తుంది. చెప్పేశాక మాత్రం మనసు తేలికపడింది.

నువ్వు కట్టిన తోరం చేతికే ఉంది.

నీ చెల్లెలు
నెవెన


గాబ్రోవో,
ఏప్రిల్

నెవెనకి,

నీ ఉత్తరం, కాగితం అందాయి. అన్నీ బాగానే ఉన్నాయి.

నీ జవాబు నాకు అర్థమైంది. మళ్ళీ మళ్ళీ గుర్తు చెయ్యక్కర్లేదు. నీ బతుకు నీది, ఎక్కడ బాగుంటే అక్కడ ఉండు. పైగదిలో పొయ్యి విప్పేశాను. గది త్సోంకాకి ఇచ్చాను, వాల్‌నట్లు పోసుకుంది. ఖాళీగా ఉంటే బూజు పట్టిపోవడం తప్ప ఏముంది? మంచం మీద కూడా పోసింది. పోసుకోనీ.

నా పొట్ట సంగతి అడుగుతావేమో. అన్నం తిన్నాక కాస్త పట్టేసినట్టుంటుంది, ఉబ్బరం. మొన్నొకసారి వాంతి అయింది. చిక్కుడుగింజల పులుసు పాతదై ఉంటుంది. నడుం మాత్రం చంపేస్తోంది, బస్సులో అంతసేపు కూర్చున్నందుకు. తెల్లమాత్రలు కూడా ఆపడం లేదు. వెలికో తర్నొవో పట్నంలో ఎమ్మారై తీయించమని మన డాక్టరు రాశాడు. గురువారం పొద్దున్నే వ్యాన్ వస్తుంది. అక్కడివాళ్ళు ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అడిగించారు. ఆ భాష నాకు రాదు గానీ, ఇటలీ డాక్టరు సంతకం పెట్టిన కాగితం ఉంది, అన్నీ అందులోనే ఉన్నాయి చదువుకోండి అని పంపించాను. సరేనన్నారు.

ఆ గింజ మాత్రం ఇప్పటిదాకా కనపడలేదు. జల్లెడ పెట్టుకుని కాపలా కాశానంటే నవ్వుతావు. రాలేదని నీకు ఆరోజు అద్దంలోంచే చెప్పాను కదా. నువ్వు మీ డాక్టరుకి చెప్పావు, ఆయన బెంగ లేదన్నాడు. ఆయనకి లేని బెంగ నాకెందుకు? లోపలే కరిగిపోయి ఉంటుంది.

పిల్లిపిల్లల్ని ఎవరికో ఇచ్చేశాను.

స్తామెన్


ఫెరారా,
గురువారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి త్సోంకా నీ మీద అరిచేసి ఉంటుంది. అరిచి ఉండాలి దేవుడా! డ్రైవర్ నీ ఉత్తరం పొద్దున్నే ఇచ్చాడు. గుమ్మంలోనే చించి చదివాను. చదివిన వెంటనే త్సోంకాకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పెరట్లో కోళ్ళకి గింజలు వేస్తోందట, ఈరోజే వెయ్యాలా! చివరికి ఎత్తింది. "స్తామెన్‌ని వ్యాన్ ఎక్కనివ్వకు, పొట్టలో కెమెరా ఉంది, ఆ యంత్రంలోకి పోతే పేగు చీరేస్తుంది" అన్నాను. "ఏంటీ?" అంది. మళ్ళీ చెప్పాను. ఫోన్ పెట్టకుండానే పరుగెత్తింది. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడింది, గేటు చప్పుడు వినపడింది, తర్వాత ఏమీ లేదు. ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను, చాలాసేపు. ఆవిడ కోళ్ళు కూస్తున్నాయి, అంతే.

ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు, అందుకే రాస్తున్నాను. చెయ్యి ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉంది.

తప్పు నాది అన్నయ్యా. నువ్వు అద్దం అవతల తల నిలువుగా ఊపావు. నువ్వు పుట్టినప్పటి నుంచీ కాదనడానికి ఎలా ఊపుతావో అలాగే ఊపావు. నేను దాన్ని అవుననుకున్నాను. అమ్మగారు అలా ఊపితే అవును, కూరగాయల కొట్టువాడు అలా ఊపితే అవును. ఇన్నేళ్ళు చూసి చూసి నా సొంత అన్న తల కూడా వాళ్ళ తలలా కనపడింది నాకు! తల ఊపకని నీకు పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడి తల ఇక్కడ, మన తల అక్కడ అని గొప్పలు పోయినదాన్ని. నా తల ఎప్పుడు మారిపోయిందో నాకే తెలియలేదు. ఫుల్వియోకి "వచ్చేసింది" అని చెప్పింది నేనే, ఆ కాగితంలో ఉన్నది నా మాటే. వచ్చిందంటే బెంగ లేదన్నాడు గానీ, రాకపోతే వెంటనే ఎక్స్‌రే తియ్యాలన్నాడు.

ఇప్పుడే ఆయనకి అంతా చెప్పాను. తెల్లమాత్రల సంగతి కూడా చెప్పాను. పాపం, పాలిపోయాడు. అవి ఏళ్ళ తరబడి మింగితే చిన్నపేగులో పొరలు కట్టి దారి ఇరుకైపోతుందట. నీ గింజ అక్కడే ఇరుక్కుని ఉంటుందన్నాడు. ముందే తెలిస్తే, లోపల కరిగిపోయే ఉత్తి గింజ ఒకటి మింగించి దారి ఉందో లేదో చూసేవాడట. ఆ ఉబ్బరమూ వాంతీ పులుసు వల్ల కాదు. ఆసుపత్రికి వెళ్ళు, మామూలు ఎక్స్‌రే తీయించు, తెల్లమాత్ర ఇక ముట్టుకోకు. ఆసుపత్రివాళ్ళకి ఇవ్వడానికి ఫుల్వియో రాసిన చీటీ ఇందులోనే ఉంది.

నేను రావాలి, రాలేను. అమ్మగారికి న్యుమోనియా, చెయ్యి వదలడం లేదు. నీకేమైనా అయితే నేను ఈ తలని ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంకో మాట. అడగకూడని సమయమే అయినా అడుగుతాను, నాకు కోపంగా ఉంది. పైగది త్సోంకాకి ఎందుకిచ్చావు? నేను అద్దం ముందు నిలబడి అంత గట్టిగా చెప్పాక, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాక, పొయ్యి విప్పేసి మంచం మీద వాల్‌నట్లు పోయిస్తావా? నేనేం పాపం చేశాను?

బతికుండు అన్నయ్యా. తర్వాత పోట్లాడుకుందాం.

నెవెన


గాబ్రోవో, ఆసుపత్రి మంచం మీద నుంచి,
మే నెల, కిటికీ తెరిచే ఉంది

ప్రియమైన చెల్లాయికి,

బతికే ఉన్నాను. ఆ సంగతి త్సోంకా ఫోన్‌లో చెప్పిందని తెలుసు. ఆవిడ ఎలాగూ అన్నీ పెంచి చెబుతుంది కాబట్టి జరిగింది నేను రాస్తాను.

గురువారం పొద్దున కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని వ్యాన్‌లో ఒక కాలు పెట్టాను. వెనక నుంచి ఎవరో కాలరు పట్టుకుని లాగారు. చూస్తే త్సోంకా, ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు, చేతిలో చీపురు. ఊళ్ళో నాకు వినపడే గొంతు అదొక్కటేనా, ఆరోజు నాకే కాదు, కొండ మీది గొర్రెలకి కూడా వినపడింది. "కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను! నీ పొట్టలో కెమెరా ఉందిరా ముసలాడా!" వీధి వీధంతా బయటికొచ్చింది. డ్రైవర్ బెదిరిపోయి వ్యాన్ వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరు ఎవర్ని ఫోటో తీస్తున్నారని మంగలి అడిగాడట, ఇంకా నవ్వుకుంటున్నారు.

ఎక్స్‌రేలో గింజ తెల్లగా, ఠీవిగా కూర్చుని ఉంది. ఇక్కడి డాక్టరమ్మ నీ ఫుల్వియో చీటీ చదివింది. మర్నాడు నొప్పి ఎక్కువైంది, వాంతులు ఆగలేదు. ఇక లాభం లేదని కోశారు. లోపల పేగుకి ఉంగరాల్లా పొరలు కట్టి వేలు దూరేంత దారి కూడా లేదట. నా తెల్లమాత్రలు చేసిన నిర్వాకం. రక్తం కారుతున్నదీ అక్కడి నుంచే. ఆ ముక్క కోసేసి, మిగతాది కలిపి కుట్టారు. మగ్గం మీద దారం తెగిన చోటే షటిల్ ఆగినట్టు, గింజ సరిగ్గా ఆ చోటే ఆగిందట, ఎక్కువ వెతుక్కునే పని లేకపోయిందంది డాక్టరమ్మ. మెచ్చుకుంటుందనుకుంటే బాగా తిట్టింది. "పొద్దుతిరుగుడు గింజలా అవి? ఇన్నేళ్ళు మింగుతూ డాక్టరు అడిగితే మందులు లేవంటావా?" అని. నేను చెవులు వినపడనట్టు కూర్చున్నాను. రాసి చూపించింది.

కాబట్టి తప్పంతా నీదేనని నెత్తిన వేసుకోకు. నాలుక మీద సగం తప్పు నాది, తల మీద సగం నీది. గింజ కడిగి సీసాలో వేసి ఇమ్మన్నాను, మొదట ఒప్పుకోలేదు. గాబ్రోవోవాణ్ణి కదా, వదల్లేదు. ఇప్పుడు కిటికీ గట్టు మీద ఉంది. రక్తం పెరుగుతోంది, పెరుగన్నం పెడుతున్నారు, నడుం నొప్పికి వేడి ఇటుక కాపడం. నాకిక ఢోకా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం ఇక్కడికి తెచ్చి ఇచ్చారు. మత్తు దిగాక చదివాను. "అంత గట్టిగా చెప్పాక" అన్న చోట ఆగిపోయాను. మళ్ళీ చదివాను. కుట్లు పట్టుకుని లేచి కూర్చున్నాను, నర్సు పరుగెత్తుకొచ్చింది.

ఆరోజు అద్దం అవతల నుంచి నేను అడిగింది ఇది: ఇంటికి వచ్చేస్తావా, ఇక మనింట్లోనే ఉండిపోతావా? నువ్వు తల నిలువుగా ఊపావు. ఒకసారి ఊపి ఊరుకున్నావా, బస్సు కదిలేదాకా ఊపుతూనే ఉన్నావు, కళ్ళనిండా నీళ్ళతో. ఇది ఇంత గట్టిగా కాదంటోందేమిటి, అంత కాని చోటా నేనున్న ఇల్లు అనుకున్నాను. సరిహద్దు దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పక్కసీటాయన అడిగితే ఉల్లిపాయ అని చెప్పాను, చేతిలో ఉల్లిపాయ లేదు. ఇల్లు చేరి ఆ కోపంతోనే పొయ్యి విప్పాను. చెయ్యి కాల్చుకున్నాను కూడా.

నెవెనా, ఆరోజు నువ్వు ఏ తలతో చెప్పావు?

నా గింజ నీ తలతో చదివావు. నీ మాట నా తలతో చదివాను. మనకా మాటల్లేకుండా తెలిసిపోయేది! ఇద్దరం కలిసి అన్ని మగ్గాలు నడిపిన వెధవలం.

వాల్‌నట్లు దించెయ్యమని త్సోంకాకి చెప్పాను. "ముందే తెలుసు, ఖాళీ మూటలు పక్కనే ఉంచుకున్నాను" అంది. నాకు చెప్పొచ్చుగా అంటే, "నువ్వు వినవుగా" అంది. పొగగొట్టం తనే బిగిస్తుందట. ఆల్‌బుకరా చెట్టు ఈసారి ఆలస్యంగా పూసింది, ఇంకా రాలలేదట.

జవాబు రాసి పంపు. సిరాతో. తల కదపకు.

నీ పిచ్చి అన్న
స్తామెన్


ఫెరారా,
మే

ప్రియమైన అన్నయ్యకి,

అవును.

అవును, అవును, అవును. చేత్తో రాస్తున్నాను, నోటితో పైకి చదువుతూ రాస్తున్నాను, తల గోడకి ఆనించి పెట్టాను. ఆరోజు కూడా అవుననే చెప్పాను. మెడ నొప్పి పుట్టేదాకా చెప్పాను.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అమ్మగారు భయపడి "ఎవరైనా పోయారా?" అంది. లేదు, ఎవరూ పోలేదు, నేనే వెళ్ళిపోతున్నాను అని చెప్పాను. ఆవిడ కోలుకుంది, లేచి కర్ర పట్టుకుని నడుస్తోంది. ఫుల్వియో ఆవిడని తన ఇంటికి తీసుకెళ్తాడట, నెలాఖరుకి. కాస్త ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంతకాలం చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి కదా.

తోరం చేతికే ఉంది. ఇక్కడి చెట్లన్నీ పూసి రాలిపోయాయి, ఒక్కదానికీ కట్టలేదు. మన ఆల్‌బుకరా కొమ్మకే కడతాను, పూలు రాలిపోయినా సరే. పొగగొట్టం బిగించే ముందు మసి దులపమని త్సోంకాకి చెప్పు. ఆ గింజ సీసా మాత్రం నా గదిలో పెట్టకు.

చివరికి ఒక్కటి చెప్పి ముగిస్తాను. నిన్న భోజనం దగ్గర అమ్మగారు "ఇంకాస్త సూప్ పొయ్యనా?" అంది. పొట్ట నిండిపోయింది, వద్దని తల ఊపాను. గిన్నె అంచుదాకా పోసేసింది. ఎందుకు పోసిందా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను, అప్పుడు అర్థమైంది. నిలువుగా ఊపానన్నయ్యా! నా అంతట నేను, ఆలోచించకుండా.

నా తల ఇంటికి వచ్చేసింది. వెనకాలే నేనూ బస్సులో వస్తున్నాను.

నీ చెల్లెలు
నెవెన